ఫ్లాపీ మీద పసుపు బొట్టు

మా అక్క తన కూతుర్ని మర్చిపోవడం మొదలుపెట్టేనాటికి, ఆ పిల్ల మాటలు ఒక పాత కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా మిగిలి లేవు. అది బోధన్‌లో అక్క వాళ్ళింట్లో, వంటగదికి ఆనుకున్న చిన్న గదిలో, పూల తువ్వాల కప్పుకుని ఉండేది. దాన్ని ఎలాగైనా లేపి, అందులో ఉన్నదంతా బయటికి తీయాల్సిన వాణ్ణి నేను. నిజామాబాద్ బస్టాండు దగ్గరి సందులో నాకో డి.టి.పి. షాపు ఉంది. పెండ్లి పత్రికలు, దస్తావేజులు, దినాల కార్డులు టైపు చేసుకుని బతుకుతున్నాను. మా చుట్టాలందరికీ కంప్యూటర్ అంటే నేనే. ఎవరి ఫోన్లో ఏ ఫొటో పోయినా నన్నే తిడతారు.

పాప ఆరో ఏట జ్వరంతో పోయింది. చాలా ఏళ్ళ కిందటి మాట. అక్కా బావలకు ఒక్కతే బిడ్డ, ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఒక ఫొటో ఉంది, అందులో కూడా పాప కదిలింది, ముఖం మసకగా పడింది. గొంతు ఎక్కడా లేదు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో టేప్ రికార్డర్ ఉంటే గింటే అది పాటలు వినడానికి. ఇంటి పిల్ల మాట్లాడుతుంటే పట్టి ఉంచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఆ పిల్ల రేపు కూడా మాట్లాడుతుందనే కదా అనుకుంటాం.

బావ అప్పట్లో చెరుకు కాంటా ఆఫీసులో గుమస్తా. బండ్లు లైను కట్టి వస్తుంటే ఒక్కొక్కదాన్ని తూకం వేసి రాసుకోవడం ఆయన పని. పాప పోయాక కొన్నేళ్ళకు ఆ ఆఫీసుకి కొత్త కంప్యూటర్ వచ్చింది, పాతది మూలకు పడింది. బావ దాన్ని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. పక్కవాడు పారేసేది కనబడితే చాలు, ఇంటికి మోసుకొచ్చే గుణం ఆయనది. వాళ్ళ దొడ్లో విరిగిన తరాజులు ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కటీ తూగదు.

నేను అప్పుడే కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. వచ్చినదంతా ఎవరికో ఒకరికి నేర్పాలన్న దురద నాకు. అక్కకు దాన్ని ఎలా ఆన్ చేయాలో, ఎలా టైపు చేయాలో చూపించాను. అందులో తెలుగు లేదు. పదో తరగతి చదివిన అక్క, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మాటలు కొట్టడం మొదలుపెట్టింది. ఒక్క వేలితో, మీట మీటకీ ఆగి ఆగి కొట్టేది. ఏం రాస్తున్నావక్కా అని అడిగాను.

"మా బిడ్డ మాటలురా. నేను మర్చిపోతనేమో అని భయమైతుంది."

ఆ భయం అప్పుడు నాకు అర్థం కాలేదు. కన్నతల్లి మర్చిపోవడమేంటి అనుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక, అక్క ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేది. బావ అటు తొంగి చూసేవాడు కాదు. "అది మీ అక్క పెట్టె. నేను ముట్ట" అనేవాడు. నేను వెళ్ళినప్పుడు అప్పుడప్పుడు ఒకటో రెండో చదవనిచ్చేది. పాప ఏ మాట చెప్పబోయినా ముందు "అమ్మా, ఇగో చెప్త ఇను" అనేదట. అందుకని ప్రతి ఫైలూ అలాగే మొదలయ్యేది. రాసిన సంగతే మళ్ళీ రాసేది. నిన్న రాసినదాంట్లో పాప "పోయిన" అన్నదా, "పోతి" అన్నదా అని అనుమానం వస్తే, పాతది చెరపకుండా ఇంకోటి రాసేది. అట్లా ఒక్క సంగతే నాలుగైదు ఫైళ్ళల్లో ఉండేది. రాయడం అయిపోయాక పాతవి తెరిచి చదువుకునేది. చదువుతూ నవ్వుకునేది కూడా.

నేను చాలాసార్లు అడిగాను, షాపుకి తీసుకెళ్ళి కొత్త కంప్యూటర్లోకి ఎక్కిస్తానని. ఒప్పుకోలేదు. "నీ షాపుల పదిమంది వస్తరు. మా బిడ్డను అందరు సదువుడెందుకు?" అనేది. అక్క మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నాకు అసలే లేదు.

ఆ మధ్య మర్చిపోవడం మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు. తర్వాత దారి. కూరగాయల మార్కెట్‌కి పోయి, ఇంటికి రావడం తెలియక, శక్కర్‌నగర్ దిక్కు నడుచుకుంటూ పోతుంటే ఎవరో గుర్తుపట్టి ఆటో ఎక్కించారు. డాక్టరు మందులు రాశాడు. ఇవి ఆపలేవు, మెల్లగా పోయేలా చేస్తాయి అంతే అని కూడా చెప్పాడు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆయన చేసిందేమీ లేదు, ఉన్నమాట చెప్పాడు.

ఒకరోజు బావ ఫోన్ చేశాడు. ఆయన ఫోన్లో ఎప్పుడూ గట్టిగా అరుస్తాడు, అవతలి మనిషి దూరంగా ఉన్నాడు కాబట్టి అరవాలని ఆయన లెక్క. ఆ రోజు అరవలేదు.

"మీ అక్క గోడ మీది ఫొటో సూసి, గీ పిల్ల ఎవలదయ్యా అని అడిగింది" అన్నాడు. నేను షాపు షట్టరు దించి బోధన్ బస్సు ఎక్కాను.

నేను వెళ్ళేసరికి అక్కకు అన్నీ గుర్తున్నాయి. ఆ జబ్బు చేసే దగా అదే. మనిషిని కాసేపు తిరిగి ఇస్తుంది. అక్క నా మణికట్టు పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "తమ్మీ, అన్ని పోతున్నయిరా నాకు. పొద్దుగాల మా బిడ్డ మొకం సూసి ఎవలో అనుకున్ననట. మీ బావ ఏడుస్తుండు" అని చెప్పింది. తర్వాత ఆ చిన్న గది వైపు చెయ్యి చూపించింది.

"పెట్టెల ఉన్నదంత తియ్యి. కాయితాల మీద పెద్ద పెద్ద అక్షరాలల్ల నాకియ్యి. నేను రోజు సదువుకుంట. సదువుకుంటే ఉంటది. ఉండదా?"

ఉంటుందక్కా అన్నాను.

బావకి అయినా కొన్ని గుర్తుండాలి కదా అని, బయటికి వచ్చాక ఆయన్ని అడిగాను. పాప ఏమేం అనేది బావా, చెప్పు, రాసుకుంటాను అన్నాను. "చెరుకు సీజన్ల నేను కాంటా కాడనే ఉంటుంటి. ఇంటికొచ్చేటాల్లకు పండుకునేది. పొద్దుగాల నేను పోయేటప్పుడు లేవకపోయేది. మీ అక్క చెప్తే ఇన్నవే నాకు ఎరుక" అన్నాడు. అంటే ఆ పిల్ల మాటలు ఈ భూమ్మీద రెండు చోట్లే ఉన్నాయి. ఒకటి అక్క తల. రెండోది ఆ డబ్బా.

డబ్బా లేవలేదు. కొన్నాళ్ళుగా అక్క కూడా దాన్ని పెట్టడం మానేసింది, మీట నొక్కాలన్న సంగతే ఆమెకు తోచడం లేదు. లోపల హార్డ్ డిస్క్ చక్రం తిరగాలి, అది గురక పెట్టి ఆగిపోతోంది. దుమ్ము ఊదాను. వైర్లు పీకి మళ్ళీ పెట్టాను. ఎండలో కాసేపు పెట్టమని ఎవరో ఫోన్లో చెబితే, ఎండలో పెట్టాను. వారానికోసారి పోయి, దాని ముందు కూర్చుని, పెట్టి ఆర్పి, పెట్టి ఆర్పి, తిట్టి వచ్చేవాణ్ణి. నా తిట్లు విని బావ అక్కను తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయేవాడు.

బతుకమ్మ పండగ రోజుల్లో ఒక పొద్దున అది లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలియదు. తెర మీద అక్షరాలు పచ్చగా వెలిగాయి. మళ్ళీ లేస్తుందన్న నమ్మకం ఏమాత్రం లేదు, ఆ చక్రం చప్పుడు అలా ఉంది. తీసేదేదో ఆ కూర్చున్న కూర్చోవడంలోనే తీయాలి.

చిక్కంతా అక్కడే. ఈ రోజుల్లో అందరి దగ్గరా ఉన్న పెన్‌డ్రైవు పెట్టడానికి దానికి బొక్క లేదు. అది మింగేది అప్పడమంత పెద్ద పాత ఫ్లాపీలను. నా షాపులో ఉన్న కంప్యూటర్ ఆ ఫ్లాపీలను పుట్టి ఎరగదు. ఆ రెండూ ఎదురెదురుగా పెట్టినా ఒకదాని మాట ఇంకోదానికి తెలియదు. నడుమ దుబాసీ కావాలి. నా షాపు అటకమీద ఒక మధ్యకాలపు కంప్యూటర్ ఉంది, దానికి పాత ఫ్లాపీ పడుతుంది, దాని నుంచి కొత్తదాంట్లోకి మోయవచ్చు. బావ పోగేసిన చెత్తలో ఒక ఫ్లాపీల పెట్టె దొరికింది. జీవితంలో మొదటిసారి ఆయన పోగేసింది పనికొచ్చింది. చాలావాటికి బూజు పట్టింది. మంచివి నాలుగు తేలాయి. బజార్లో కొందామంటే అవి తయారు చేయడం మానేసి ఎన్నేళ్ళయిందో.

నాలుగింట్లో అక్క రాసినదాంట్లో సగం కూడా పట్టదు. అక్క పక్కనే పీట మీద కూర్చుని ఉంది, ఆ పొద్దున ఆమెకు మతి నిలకడగా ఉంది. అన్నీ పట్టవక్కా, ఏవి తీయమంటావు అని అడిగాను. నా ముఖంలోకి చూసింది.

"ఏది ఇడిసిపెట్టాలె? నువ్వే చెప్పు. ఏ మాట ఇడిసిపెడుదాం?"

నేను తల దించుకున్నాను. "ఒక్కటి గూడ ఇడువకురా" అంది.

అప్పుడు కుదించాలన్న ఆలోచన వచ్చింది. కాంటా ఆఫీసు వాళ్ళు సీజన్ లెక్కలు పై ఆఫీసుకి పంపేటప్పుడు ఫైళ్ళను నొక్కి చిన్నవి చేసి ఫ్లాపీల్లో పంపేవారు. ఆ నొక్కే ప్రోగ్రాము ఇంకా ఆ కంప్యూటర్లోనే ఉంది. అన్నీ కలిపి ఒకే మోపుగా కట్టేస్తే నాలుగింట్లో సరిపోతాయి. నొక్కితే మాటలు నలగవా అని అడిగాడు బావ. ఆయనకు దస్తావేజుల భాషలో చెప్పాను. మొదట ఒక్కసారి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాస్తాం. ఆ తర్వాత అంతా సదరు, సదరు అనే రాసుకుంటూ పోతాం కదా. ఇదీ అంతే. వచ్చిన మాట మళ్ళీ వస్తే, మళ్ళీ రాయదు, పైన ఫలానా చోట ఉన్న సదరు మాట అని గుర్తు పెడుతుంది. బావ తల ఊపాడు. సదరు రైతు, సదరు బండి అని ఆయన జీవితమంతా రాసినవాడే.

అక్క వింటోంది. "మళ్ళ ఇప్పితే అన్ని మాటలు వస్తయా?" అని అడిగింది.

"అన్నీ వస్తయక్కా."

"ఇగో చెప్త ఇను అనేది, అన్నిసార్లు వస్తదా?"

"ఎన్నిసార్లు అన్నదో అన్నిసార్లు వస్తది."

అక్క ఊపిరి పీల్చుకుని గోడకు ఆనుకుంది.

అక్క రాసింది నొక్కుడుకు బాగా లొంగింది. అంతగా లొంగుతుందని నేను కూడా అనుకోలేదు. పిల్ల ఒకే మాటతో మొదలుపెట్టేది, తల్లి ఒకే సంగతి నాలుగుసార్లు రాసేది, అందుకని ఎక్కడ చూసినా సదరు. నాలుగు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి మింగింది, కక్కింది. నాలుగోది బయటికి తీశాను. సరిగ్గా ఎక్కాయో లేదో ఒకసారి చూసుకుందామని మొదటిదాన్ని అందుకుంటుండగా లోపల చప్పుడు మారింది. గచ్చు మీద మేకుతో గీసినట్టు ఒక్క గీత, అంతే. తెర మీద అక్షరాలు అలాగే నిలబడి ఉన్నాయి, ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆర్పి ఆన్ చేశాను. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఆ డిస్కుని హైదరాబాదు తీసుకెళ్ళి చూపించాను కూడా. లోపల పళ్ళాలే గీసుకుపోయాయి, ఏమీ రాదు అన్నారు.

నాలుగు ఫ్లాపీలను వాటి కాగితపు తొడుగుల్లోకి దూర్చి, గుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని నిజామాబాద్ తెచ్చాను. పక్క సీటాయన పల్లీలు తింటూ ఏంటవి అని అడిగాడు. మా కోడలు అన్నాను. ఆయన ఇటు తిరగడం మానేశాడు. మా వైపు మేనకోడల్ని కోడలనే అంటాం, నేను అబద్ధం చెప్పలేదు.

అటకమీద నుంచి దింపిన మధ్యకాలపు కంప్యూటర్‌కి కరెంటు డబ్బా కాలిపోయి ఉంది. హైదరాబాదు నుంచి తెప్పించాలి. ఈలోగా దసరా వచ్చింది.

దసరా నాడు మా షాపులో మిషన్లకు పూజ. పసుపు కుంకుమ పెట్టకుండా ఏ మిషన్నీ వదలం. ప్రింటర్‌కి, కటింగ్ మిషన్‌కి, కీబోర్డుకి, మోటార్ సైకిలుకి, షట్టరు తాళానికి కూడా. మాది పసుపు పండే జిల్లా, పసుపు దగ్గర పిసినారితనం ఉండదు. షాపు పెట్టిన నాటి నుంచి బొట్లు పెట్టేది అక్కే. ఆ చేత్తో పెడితే కలిసొస్తుందని మా ఇంట్లో నమ్మకం. ఆ ఏడు ఆమెను రప్పించాలా వద్దా అనుకున్నాం గానీ, బావే తీసుకొచ్చాడు. కొత్త చీర కట్టుకుని వచ్చింది, నన్ను చూసి నవ్వింది, షాపుని గుర్తుపట్టింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఫ్లాపీలను దేవుడి పటం ముందు పెట్టింది నేనే. చదువుకున్నవాణ్ణి, మిషన్ల సంగతి తెలిసినవాణ్ణి, అయినా పెట్టాను. అవి సరిగ్గా విప్పుకోవాలని మొక్కుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు. అది చెప్పుకోవడానికి సిగ్గుపడను. పెట్టి, బండి కడగడానికి బయటికి వెళ్ళాను. చక్రం కింద నిమ్మకాయలు పెట్టి, హ్యాండిల్‌కి బంతిపూల దండ కట్టి లోపలికి వచ్చేసరికి అక్క పళ్ళెం కింద పెట్టి, చేతులు తుడుచుకుంటోంది.

నాలుగు ఫ్లాపీలనూ వరసగా పరిచి, నాలుగింటికీ బొట్లు పెట్టింది. మిషన్లకు పెట్టినట్టు వేలి కొనతో కాదు. నీళ్ళు కలిపిన పసుపు ముద్దగా అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది.

"దీంట్ల మా బిడ్డ ఉన్నది గదా. పండుగ పూట ఆడపిల్ల మొకానికి పసుపు లేకుంట ఉంచుతరా?" అంది.

ఆ ఫ్లాపీకి ఒక పక్కన నిలువుగా వేలెడు సందు ఉంటుంది. అక్కడ లోపలి నల్లటి పొర బయటికి కనబడుతుంది. మాటలన్నీ ఉండేది ఆ పొర మీదే, వేలు కూడా తగలనివ్వకూడదు. తొడుగులోకి దూరిస్తే ఆ సందు కప్పుకుపోతుంది. మూడింటికి తొడుగు మీదే బొట్టు పడింది, ఏమీ కాలేదు. ఒకటి మాత్రం తలకిందులుగా దూర్చి ఉంది. బోధన్‌లో ఆ హడావిడిలో నేను దూర్చానో, బావ దూర్చాడో ఇద్దరికీ తెలియదు. దాని సందు పైకి ఉంది. బొట్టు పెట్టడానికే వదిలినట్టున్న ఆ సందులో, నల్లటి పొర మీద తడి పసుపు మెరుస్తోంది. అది మొదటి ఫ్లాపీ.

"మంచిగున్నదారా?" అని అడిగింది అక్క.

మంచిగున్నదక్కా అన్నాను. వేరే ఏం చెప్పాలి? పండగ పూట, తన కూతురికి పసుపు రాసిన తల్లికి ఏం చెప్పాలి? బావ మాత్రం నా ముఖం చూసి ఏదో అయిందని పసిగట్టాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయిబలాయి అని కౌగిలించుకున్నప్పుడు చెవిలో అడిగాడు. తర్వాత చెబుతానన్నాను. ఆ ఒక్క రోజైనా ఆయన్ని పండగ చేసుకోనిద్దామనుకున్నాను.

స్పిరిటు, దూది, చెవిలో పెట్టే పుల్లలు. పసుపు ఎండకముందే తుడిచాను. మా పసుపు బట్టకు అంటితేనే వదలదు, ఇక ఆ పొరను వదులుతుందా. గట్టిగా తుడిస్తే పసుపుతో పాటు పొర కూడా దూదికి అంటుకొచ్చింది. మెల్లగా తుడిస్తే మరక అలాగే ఉంది. కరెంటు డబ్బా వచ్చాక మిషన్ పెట్టి, ఫ్లాపీ లోపలికి తోసి, చెవి ఒగ్గి కూర్చున్నాను. మొదట మెత్తగా చదువుకుంటూ పోయింది. కొన్ని ఫైళ్ళు విప్పుకున్నాయి. నేను మిషన్‌కి దండం పెట్టాను. అంతలో గర్రుమంది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ గర్రుమంది. చదవలేకపోతున్నానని తెర మీద చూపించింది. మళ్ళీ ప్రయత్నించమన్నాను. అలా ఎన్నిసార్లు అడిగానో, షాపుకి వచ్చినవాళ్ళు పెండ్లి పత్రిక ప్రూఫు కోసం నిలబడి నిలబడి వెళ్ళిపోయారు.

మిగతా మూడు ఫ్లాపీలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. మూడింటినీ మిషన్ గడగడా చదివేస్తుంది. ఏం లాభం? వాటినిండా సదరు మాట, సదరు పిల్ల, సదరు అమ్మ. ఆ సదరు ఎవరో చెప్పాల్సిన మొదటి పేజీ పసుపు కింద ఉంది. నొక్కకుండా మామూలుగా ఎక్కించి ఉంటే, బొట్టు పడిన మేర కొన్ని ముక్కలు పోయేవి, సగమైనా చేతికి వచ్చేది. అన్నీ కావాలనుకున్నందుకు అన్నీ పోయాయి. ఆ మాట అక్కతో అనలేదు. ఒక్కటీ వదలొద్దన్నందుకు ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరెలా వస్తుంది? నెలలపాటు తెలిసిన ప్రతివాడినీ అడిగాను, ఎవరెవరో చెప్పినవన్నీ చేశాను. ఆ ఏడు పసుపు సీజన్లో మార్కెట్ యార్డు పక్క నుంచి బండి మీద పోతుంటే ఆ వాసన వచ్చింది. పుట్టి పెరిగిన ఊరి వాసన, ముక్కు మూసుకుని పోయాను.

విప్పుకున్న ఆ కొద్ది ఫైళ్ళను తెలుగు అక్షరాల్లోకి మార్చి, దినాల కార్డు మీద పేరంత పెద్దగా అచ్చు తీశాను. గుప్పెడు కాగితాలు వచ్చాయి. చివరి ఫైలు నడిమధ్యలో తెగింది. చెరుకు బండ్లు ఇంటి ముందు నుంచి పోతుంటే పిల్లలు వెనక నుంచి గడలు గుంజుకోవడం మా దగ్గర మామూలే. పాప కూడా గుంజబోయి, గడ రాక, దానితో పాటు కొంత దూరం ఈడ్చుకుపోయి మోకాళ్ళు పగలగొట్టుకున్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అక్క కొట్టబోతే చెప్పిన మాట అది. కాగితం మీద ఇంతవరకే ఉంది: "అమ్మా, ఇగో చెప్త ఇను. నేను చెరుకు గుంజలే. చెరుకే".

ఆదివారం ఆ కాగితాలు తీసుకుని బోధన్ వెళ్ళాను. అప్పటికి అక్క చదవలేని స్థితికి వచ్చింది. అక్షరాలను చూస్తుంది, కూడుకోదు. నేనే చదివాను. అరుగు మీద ఎండలో కూర్చుని, ఎవరింటి సంగతో విన్నట్టు విన్నది. మధ్యలో ఒకసారి "బగ్గ గడుగ్గాయి పోరి ఉన్నదిరా" అంది. బావ లేచి లోపలికి వెళ్ళాడు. చివరి కాగితం చదివి, తెగిన చోట ఆగాను.

"నన్ను గుంజింది" అంది అక్క.

కాగితంలో లేదు ఆ మాట. ఆమె నోట్లోంచి వచ్చింది, అదీ పిల్ల గొంతుతో, గారంగా సాగదీసి. అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని నన్ను అడిగింది: "గా పోరి ఎవలదిరా?"

నీ బిడ్డే అక్కా అని చెప్పాను. నమ్మలేదు. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

అయినా నాకు ఆశ పుట్టింది. తలలోంచి పోయింది నాలుక మీద ఉంది. ముందు మాట అందిస్తే తర్వాతి మాట తనంతట తానే వస్తోంది. మూడు ఫ్లాపీలకు కావాల్సిన మొదటి పేజీ ఆమె దగ్గరే ఉందేమో అనుకున్నాను. ప్రతి ఆదివారం వెళ్ళాను. అవే కాగితాలు, అదే వరస, అదే చోట ఆగేవాణ్ణి. ప్రతిసారీ "నన్ను గుంజింది" అనేది, నవ్వేది. ఒకసారి దాని తర్వాత "మోకాలుకు పసుపు పెట్టకు, మండుతది" అని కూడా అంది. ఫోన్ తీసి రాసుకున్నాను. ఇంకోసారి "ఎడ్ల కొమ్ములకు గూడ జడేద్దామా" అంది. అదీ రాసుకున్నాను. బావ కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. కాంటా దగ్గర ఉండిపోయినప్పుడు వినని మాటలు ఆయన ఇప్పుడు వింటున్నాడు. దొరికేవి ఇంతింతే, ఒక్కో ఆదివారం ఏదీ దొరికేది కాదు. అయినా ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ తప్పలేదు. అది ఉన్నంతకాలం మిగతావి లోపల ఎక్కడో ఉన్నాయని ధైర్యం చెప్పుకున్నాను.

పోయిన ఆదివారం కూడా వెళ్ళాను. బావ అక్క తల దువ్వి అరుగు మీద కూర్చోబెట్టాడు. కాగితాలు మడతల దగ్గర చిరుగుతున్నాయి, ఈసారి వచ్చేటప్పుడు కొత్తవి అచ్చు తీసుకురావాలని అనుకుంటూ చదివాను. చివరి కాగితం వచ్చింది. "అమ్మా, ఇగో చెప్త ఇను. నేను చెరుకు గుంజలే. చెరుకే" అని ఆగాను.

అక్క నా నోటి వైపు చూస్తోంది. బావ ముందుకు వంగాడు. ఆమెకు వినబడలేదేమోనని ఇంకోసారి చదివాను, కొంచెం గట్టిగా, కొంచెం పాప సాగదీసినట్టే సాగదీసి.

"ఆపినవేందిరా?" అంది అక్క. "సదువు."